లెక్కల సార్ కాశీ సైకిలు: బరువు మోసే బండిని ఎంచుకున్న తీరు

ఆ రోజు లెక్కల సార్ నా షాపుకి సైకిలు తేలేదు, వెనక చక్రం ఒక్కటే తెచ్చారు. పాత లుంగీలో మూటకట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. మూట విప్పితే గేర్ల వైపు మూడు పుల్లలు, అంటే స్పోక్‌లు, విరిగి వేలాడుతున్నాయి. రిమ్ము ఎంత వంకర పోయిందంటే ఫ్రేములో పెడితే ఒక్క చుట్టు కూడా తిరగదు.

"నెల కింద నువ్వు బాగుచేసి ఇచ్చిన చక్రమే తమ్మీ ఇది" అన్నారు. గొంతులో కోపం లేదు. పిల్లవాడి నోటుపుస్తకంలో లెక్క ఏ వరుసలో తప్పిందో వేలుపెట్టి చూపిస్తున్నట్టుంది.

నిజమే. నెల కింద నాగార్జునసాగర్ వెళ్ళొచ్చి ఒక పుల్ల విరిగిందని తెస్తే, కొత్తది వేసి, బెండు తీసి పంపేశాను. ఎందుకు విరిగిందో చూడలేదు, ఎంత సామాను కట్టారో అడగలేదు. పన్నెండేళ్ళుగా హైదరాబాద్‌లో చక్రాలు కట్టడమే నా ప్రధానమైన పని. దెబ్బ ఏదీ తగలకుండా ఒక పుల్ల దానంతటదే విరిగిందంటే మిగతావి కూడా అదే దారిలో ఉన్నట్టేనని నాకు బాగా తెలుసు. తెలిసీ ఆ రోజు పని తొందరలో వదిలేశాను. దాని ఫలితం సార్ నల్లమల అడవిలో అనుభవించారు. దూరప్రయాణానికి సైకిలు కొనాలనుకునేవాళ్ళు ముందు ఫ్రేము గురించి, కంపెనీ గురించి అడుగుతారు. నేను ఈ కేసు రాస్తున్నది వెనక చక్రం మీద పడే బరువు దగ్గర మొదలుపెట్టమని చెప్పడానికి.

సార్‌కి అరవై ఏళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బరువు 78 కిలోలు. రోజూ పొద్దున ముప్పై కిలోమీటర్లు తొక్కే అలవాటుంది. కోరిక ఒకటే, కాశీకి సైకిలు మీద వెళ్ళాలి. వాళ్ళమ్మ కాశీ చూడకుండానే పోయారట. ఆమె పూజగదిలో వాడిన ఇత్తడి చెంబులో గంగ తేవాలి. హైదరాబాద్ నుంచి కామారెడ్డి, ఆర్మూర్, నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పుర్, సివనీ, జబల్‌పుర్, కట్ని, రీవా, మీర్జాపుర్ మీదుగా వారణాసి. పాత ఏడో నంబరు జాతీయ రహదారి దారే. సుమారు 1,200 కిలోమీటర్లు.

ఆయన సైకిలు రెండేళ్ళ కింద కొన్న హైబ్రిడ్, రోడ్డు సైకిలుకూ మౌంటెన్ సైకిలుకూ మధ్య రకం. అల్యూమినియం ఫ్రేము, ముందు షాకర్లు, 700×35 టైర్లు, మూడేడులు ఇరవై ఒక్క గేర్లు, రెండు చక్రాలకూ 32 చొప్పున పుల్లలు. ఊళ్ళో తిరగడానికి మంచి బండి. దానికి వెనక క్యారియర్ కట్టి, రెండు సంచులు వేలాడదీసి, పైన డేరా కట్టుకుని శ్రీశైలం బయల్దేరారు, కాశీకి ముందు ప్రాక్టీసుగా. మన్ననూరు చెక్‌పోస్టు దాటి, వటవర్లపల్లి దగ్గరికి వచ్చేసరికి "టంగ్" మని ఒక చప్పుడు. ఇంకాసేపటికి ఇంకోటి. మూడోదానికి టైరు ఫ్రేముకు రాసుకుని ఆగిపోయింది. ఆ దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి గేట్లు మూసేస్తారు. సాయంత్రం ఐదయింది. ఇంట్లోవాళ్ళకి ఫోను కలవక వాళ్ళకూ టెన్షన్. చివరికి ఒక డీసీఎం డ్రైవరు జాలిపడి సైకిలును ఖాళీ ట్రేల మీద వేసుకుని హైదరాబాద్ తెచ్చాడు.

విరిగిన పుల్ల ఏం చెప్పింది

ఒక పుల్లను కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి సార్‌కి భూతద్దం ఇచ్చాను. మూడూ ఒకే చోట విరిగాయి, చక్రం నడిమి హబ్బు రంధ్రంలోంచి బయటికొచ్చి మెడ తిరిగే దగ్గర. విరిగిన ముఖంలో సగం నున్నగా, మసకగా ఉంది, ఏటిలో అరిగిన రాయిలాగ. మిగతా సగం బెల్లం ముక్క విరిచినట్టు గరుకుగా మెరుస్తోంది. నున్నటి సగం నెలల తరబడి వెంట్రుకవాసి చొప్పున చీలుతూ వచ్చిన భాగం. గరుకు సగం ఆఖరున ఒక్కసారిగా తెగింది. అంటే ఆ పుల్లను వటవర్లపల్లి గుంత విరగ్గొట్టలేదు. అది హైదరాబాద్‌లో బయల్దేరేటప్పటికే సగం చచ్చి ఉంది.

చాలామంది చక్రం కింది పుల్ల మీద నిలబడుతుందనుకుంటారు, బండి చక్రంలో ఆకు మీద నిలబడ్డట్టు. సైకిలు పుల్ల అంత సన్నటి తీగ, నిలబెడితే వంగిపోతుంది. నిజానికి అన్ని పుల్లలనూ బిగువుగా లాగి ఉంచుతాం. చక్రం దొర్లేటప్పుడు నేలవైపున్న పుల్లల బిగువు కాస్త తగ్గుతుంది, పైకి పోగానే మళ్ళీ బిగుస్తుంది. ప్రతి చుట్టులో ప్రతి పుల్లకూ ఒకసారి ఇది తప్పదు. మొదట్లోనే బిగువు తక్కువగా ఉంటే, బరువు పడ్డప్పుడు పుల్ల పూర్తిగా వదులైపోయి మెడ దగ్గర కదులుతుంది. తీగను అటూ ఇటూ వంచి విరిచినట్టు అక్కడే చీలిక మొదలవుతుంది.

సార్ వెంటనే గోడమీది క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనక రాయడం మొదలుపెట్టారు. చక్రం చుట్టుకొలత 2.17 మీటర్లు. 1,200 కిలోమీటర్లకు దగ్గర దగ్గర 5,53,000 చుట్లు. "అంటే కాశీ పోయేసరికి ఒక్కో పుల్ల ఐదున్నర లక్షల సార్లు వదులై బిగుస్తుందన్నమాట" అని పెన్ను కింద పెట్టారు.

మిగిలిన పుల్లల బిగువు మీటరుతో చూశాను. గేర్ల వైపు కొన్ని 95 కిలోల లాగుడులో ఉంటే కొన్ని 60లో ఉన్నాయి. ఎడమ పక్కన కొన్ని 25కి కూడా రాలేదు. ఫ్యాక్టరీలో మిషను కట్టిన చక్రాన్ని షాపులో మళ్ళీ ఎవరూ బిగించలేదు, అది ఒకటి. నేను ఒక్క పుల్ల మార్చి సరిపెట్టాను, అది రెండోది.

హబ్బు విప్పితే ఇంకో సంగతి బయటపడింది. ఇరుసు తీసి గాజు పలక మీద దొర్లించాను. దొర్లుతూ లేస్తూ పడుతూ ఉంది, కింది నుంచి వెలుతురు కనిపిస్తోంది. అది ఫ్రీవీలును, అంటే గేర్ల పళ్ళచక్రాల గుత్తిని, మర మీద తిప్పి బిగించే రకం హబ్బు. దానిలో గేర్ల వైపు బేరింగు లోపలికి ఉండిపోతుంది, దానికీ ఫ్రేముకూ మధ్య ఇరుసు ఆసరా లేకుండా చాలా దూరం ఉంటుంది. ఏడు గేర్ల వెడల్పు, పైన బరువు, ఇక ఇరుసు వంగక ఏం చేస్తుంది? క్యాసెట్ హబ్బులో, అంటే పళ్ళచక్రాలు హబ్బు మీదకే జారి కూర్చునే రకంలో, ఆ బేరింగును బయటి అంచుకు జరిపారు. షిమానో 1978లో తెచ్చిన ఆ మార్పు ఇప్పుడు మామూలు సైకిళ్ళలో కూడా వస్తోంది. కానీ చవక బండ్లలో పాత రకమే ఇంకా ఉంది. సామాను కట్టేవాళ్ళు కొనేముందు తప్పక అడగవలసిన ప్రశ్న ఇది.

ఆ తరవాత సార్‌ని సైకిలుతో, మొత్తం సామానుతో రమ్మన్నాను. వేరే చక్రం పెట్టి, ఇళ్ళలో బరువు చూసుకునే మిషన్లు రెండు తెచ్చి ముందు చక్రం ఒకదాని మీద, వెనక చక్రం ఒకదాని మీద నిలిపి, ఆయన్ని ఎక్కించాను. గోడకు చేయి ఆనించీ ఆనించకుండా కూర్చోవాలి. సైకిలు 16 కిలోలు, మనిషి 78, సామాను 24. మొత్తం 118. ముందు మిషను 37 చూపించింది, వెనకది 81. నా దగ్గర మరే పరికరం లేకపోయినా ఈ రెండు మిషన్లు ఉంటే చాలు, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఎవరికైనా ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష ఇది.

ముందున్న దారులు

సార్ అప్పుడు ఒక మాటన్నారు. "మా నాయన నల్ల సైకిలు మీద క్వింటాలు బియ్యం తెచ్చేటోడు. ఒక్క పుల్ల ఇరిగింది నేను చూడలె." ఆ సైకిలు ఇంకా ఊళ్ళో కొట్టంలో ఉందట. దాని వెనక చక్రానికి ఎన్ని పుల్లలున్నాయో లెక్కపెట్టించమన్నాను. మర్నాడు పొద్దున్నే ఫోను. "తమ్మీ, ముందు ముప్ఫై రెండు. వెనక నలభై." ఆ గొంతులో ఆశ్చర్యం నాకింకా గుర్తుంది. వెనక చక్రం మీద బరువెక్కువ పడుతుందని ఆ పాత డిజైనుకు తెలుసు, పుల్లలు పెంచి పెట్టింది. పైగా ఒకే పళ్ళచక్రం కాబట్టి రెండు పక్కలా పుల్లలు దాదాపు సమానమైన బిగువులో ఉంటాయి. గేర్ల సైకిలులో కుడివైపు గేర్లకు చోటివ్వడానికి రిమ్మును హబ్బుకు ఒక పక్కకు లాగి కట్టాలి. దాంతో కుడిపక్క పుల్లలు చాలా బిగువుగా, ఎడమపక్కవి వదులుగా అవుతాయి. ఇప్పటి చక్రం బలహీనత అంతా అక్కడుంది.

మరి ఆ నల్ల సైకిలు మీదే వెళ్ళొచ్చు కదా? నిజంగానే ఆలోచించాం. మోస్తుంది, సందేహం లేదు. కానీ ఒకటే గేరు, నికెల్ రిమ్ము మీద తడిస్తే పట్టని రాడ్డు బ్రేకులు. సార్ మోకాళ్ళకూ ఘాట్ దిగుడుకూ రెండూ పనికిరావు.

రెండో దారి, పనికట్టుకుని టూరింగ్ కోసమే, అంటే సామానుతో దూరప్రయాణాల కోసమే, చేసిన విదేశీ సైకిళ్ళు. ట్రెక్ 520 అనే మోడల్ 1983 నుంచి దశాబ్దాలపాటు వచ్చింది. సర్లీ కంపెనీ లాంగ్ హాల్ ట్రక్కర్ ఇప్పుడు తయారు కాదు గానీ, బరువు మోసే సైకిలు కొలతలు ఎలా ఉండాలో నేను దాన్ని చూసే నేర్చుకున్నాను. పెడళ్ళ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా 460 మిల్లీమీటర్లు. మామూలు రోడ్డు సైకిలులో ఇది 410 దగ్గర ఉంటుంది. ఆ ఐదు సెంటీమీటర్లు ఎందుకంటే, వెనక సంచులు ఇరుసు మీదకు సరిగ్గా కూర్చోవాలి, తొక్కేటప్పుడు మడమ సంచికి తగలకూడదు. చైన్‌స్టే మీద, అంటే పెడళ్ళ నుంచి వెనక ఇరుసుకు పోయే పైపు మీద, రెండు అదనపు పుల్లలు తగిలించుకునే చోటు కూడా పెట్టారు. అంత శ్రద్ధగా ఆలోచించి చేసిన బండి అది. అయితే సార్ బడ్జెట్ 50,000, అందులోనే సంచులు, క్యారియర్లు, టైర్లు అన్నీ రావాలి. ఈ దారి అక్కడే మూసుకుపోయింది.

మూడోది, ఉన్న హైబ్రిడ్‌కే కొత్త వెనక చక్రం కట్టడం. చాలామందికి నేను ఇదే చెబుతాను, కొత్త సైకిలు కొనొద్దంటాను. సార్ విషయంలో రెండు అడ్డొచ్చాయి. ముందు చక్రాన్ని పట్టుకునే ఆ షాకర్ ఫోర్కుకు ముందు క్యారియర్ బిగించే చోటు లేదు, కాబట్టి బరువంతా వెనకే పడుతుంది. ఫోర్కు మార్చవచ్చు, కానీ చక్రం, హబ్బు, ఫోర్కు, గేర్లు అన్నీ మార్చాక మిగిలేది ఫ్రేము ఒక్కటే. రెండోది చక్రం సైజు. 700 టైరు లోపలి వ్యాసం 622 మిల్లీమీటర్లు. మన ఊళ్ళలో నల్ల సైకిలు టైరు 28×1½, దాని వ్యాసం 635. రెంటినీ జనం ఇరవై ఎనిమిది అనే అంటారు, ఒకటి ఇంకోదానికి ఎక్కదు. ఆదిలాబాద్ దాటాక హైవే పక్క చిన్న ఊళ్ళో 700 టైరు దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను.

నాలుగోది అనుకోకుండా దొరికింది. అమెరికాలో చదివి, ఇరవై ఏళ్ళుండి తిరిగొచ్చిన ఒకాయన, తన విద్యార్థి రోజుల నాటి మౌంటెన్ సైకిలును ఓడలో సామానుతోపాటు తెచ్చుకున్నారు. 90ల నాటిది, షాకర్లు లేనిది, క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కు పైపులు, 26 అంగుళాల చక్రాలు, ముందూ వెనకా క్యారియర్ బోల్టులకు చెవులు. బాల్కనీలో ఎండకు పాడైపోతోందని నా దగ్గర పెట్టి వెళ్ళారు, ఎవరికైనా పనికొస్తే అమ్మమని.

పాత ఫ్రేమును నమ్మడానికి ముందు ఒక దారప్పోగు చాలు. వెనక ఇరుసు కూర్చునే కుడి చెంప నుంచి దారం కట్టి, ముందు హ్యాండిలు కింది హెడ్‌ట్యూబు పైపు చుట్టూ తిప్పి, ఎడమ చెంపకు లాగి కట్టాలి. సీటు పైపుకూ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా కొలవాలి. ఇక్కడ కుడి 31, ఎడమ 30 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ మాత్రం తేడా పట్టించుకోనక్కర్లేదు. ఫోర్కు మెడ దగ్గర, పెడళ్ళ పెట్టె చుట్టూ రంగు పగిలిందేమో గోటితో తడిమి చూశాను. సీటు రాడ్డు తీసి లోపల టార్చి వేశాను. పైపైన తుప్పుంది, పొలుసుగా ఊడేది కాదు.

ఉక్కా, అల్యూమినియమా అన్న వాదనకు నేను పెద్ద విలువ ఇవ్వను. మంచి అల్యూమినియం ఫ్రేము కూడా బరువు మోస్తుంది. "ఉక్కయితే ఏ ఊళ్ళోనైనా వెల్డింగ్ పెట్టించుకోవచ్చు" అనే మాట సగమే నిజం. సన్నటి క్రోమోలీ పైపు మీద గేట్లు అతికే ఆర్క్ వెల్డింగ్ పెడితే కన్నం పడుతుంది. నేను ఈ ఫ్రేమును ఎంచుకున్నది చెవులున్నందుకు, ఫోర్కు గట్టిగా ఉన్నందుకు, చక్రం సైజు కోసం. లోపమూ ఉంది. పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 430 మిల్లీమీటర్లే. సార్ చెప్పులు తొమ్మిదో నంబరు. మడమ తగిలే ప్రమాదం ఉందని ముందే చెప్పాను.

26 అంగుళాల్లోనూ ఒక చిక్కుంది. దాన్ని చెప్పినప్పుడు సార్ కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు. టైరు మీద 26×1.5 అని ఉంటే రిమ్ము 559. అదే 26×1½ అని ఉంటే రిమ్ము 584. లెక్కలో ఒకటిన్నర ఒకటిన్నరే. కానీ దశాంశంలో రాసినదీ భిన్నంలో రాసినదీ వేరు వేరు టైర్లు, ఒకదాని రిమ్ముకు ఇంకోటి పట్టదు. సార్ ముప్ఫై ఐదేళ్ళు రెండూ సమానమని పిల్లలకు నేర్పారు. ఈ ఒక్కచోట కావని చిన్న పుస్తకంలో రాసుకున్నారు. పిల్లలు తొక్కే సాదా మౌంటెన్ సైకిళ్ళ టైర్లు దశాంశం రకమే, 559. ఏ మండల కేంద్రంలోనైనా కొట్టు ముందు వేలాడుతూ ఉంటాయి.

చక్రం, గేర్లు

కొత్త వెనక చక్రానికి 36 రంధ్రాల క్యాసెట్ హబ్బు, రెండు గోడల రిమ్ము తీసుకున్నాం. పుల్లలు చివర్లలో 2 మిల్లీమీటర్లు, నడుమ 1.8 ఉండే రకం. సన్నవి వేస్తే ఇంకా తొందరగా విరగవా అని అందరూ అడుగుతారు. నడుమ సన్నగా ఉన్న పుల్ల కాస్త సాగుతుంది. బరువు పడ్డప్పుడు అంత తేలిగ్గా పూర్తిగా వదులైపోదు, మెడ దగ్గర కదలిక తగ్గుతుంది. లావాటి పుల్లలతో వచ్చిన చక్రాలు మెడ దగ్గర విరిగి నా దగ్గరికి చాలా వచ్చాయి, ఈ రకం అంతగా రాలేదు.

కుడిపక్క 110 కిలోలు, ఎడమపక్క 65 దగ్గర బిగువు పెట్టాను. అంతకంటే ముఖ్యం, బిగించాక పక్కపక్కన సమాంతరంగా ఉన్న పుల్లల జతను రెండు చేతులతో పిడికిలి బిగించి గట్టిగా నొక్కడం. హబ్బు రంధ్రంలో మెడ సర్దుకుని కూర్చుంటుంది, వంచినప్పుడు లోహంలో మిగిలిన ఒత్తిడి సద్దుమణుగుతుంది. చేతి తొడుగులు లేకుండా చేస్తే అరచేతులు కోసుకుపోతాయి. ఈ పని చేసి మళ్ళీ బిగువు చూస్తే కొన్ని తగ్గి ఉంటాయి. మళ్ళీ బిగించాలి, మళ్ళీ నొక్కాలి, ఏమీ మారనంత దాకా. ఆ చక్రానికి నాకు మూడున్నర గంటలు పట్టింది.

సార్ ఒక ప్రశ్న వేశారు. "చిన్న చక్రం ఎక్కువ తిరుగుతుంది గద, పుల్లలకు పని పెరగదా?" పెరుగుతుంది. చుట్టుకొలత 2.03 మీటర్లు, కాశీకి 5,91,000 చుట్లు. అయితే పుల్లలు పొట్టివి, 32 బదులు 36, దగ్గర దగ్గరగా ఉంటాయి, ఒక్కోదాని వాటా తగ్గుతుంది. ఆ జవాబుకు ఆయన తల ఊపారు.

గేర్ల లెక్క ఆయనే వేశారు. పాత సైకిలులో అన్నిటికంటే తేలిక గేరు ముందు 24 పళ్ళు, వెనక 28. పెడల్ ఒక చుట్టు తిప్పితే 1.86 మీటర్లు. కొత్తదానికి ముందు 22, వెనక 32 పెట్టాం, ఒక చుట్టుకు 1.40 మీటర్లు. నూరు అడుగులకు ఆరు అడుగులు లేచే ఘాట్ మీద, నిమిషానికి అరవై చుట్లు తొక్కితే పాతది గంటకు 6.7 కిలోమీటర్ల వేగం అడుగుతుంది. ఈ బరువుతో దానికి సుమారు 145 వాట్లు కావాలి. కొత్తది 5 కిలోమీటర్ల వేగంతో, 108 వాట్లతో ఎక్కేస్తుంది. ఒక్కసారి ఎక్కడానికైతే 145 ఎవరైనా ఇస్తారు. అరవై ఏళ్ళ మనిషి నాలుగు గంటలు తొక్కిన కాళ్ళతో అరగంటసేపు ఇవ్వలేరు. పైవైపు గేరు గురించి మేం మాట్లాడుకోనే లేదు, సామాను సైకిలుకు అది అక్కర్లేని విషయం.

బ్రేకులు వీ-బ్రేకులే, అంటే రిమ్మును రెండు పక్కలా రబ్బర్లతో పట్టేవే, ఉంచాను. వైరుతో పనిచేసే డిస్కు మంచిదే. కానీ దాని ప్యాడ్లు దారిలో దొరకవు, లారీలోనో రైల్లోనో వేస్తే డిస్కు వంగుతుంది. వీ-బ్రేకు రబ్బర్లు ఎక్కడైనా ఉంటాయి. ట్యూబుల వాల్వులు కూడా మోటారుసైకిలు రకమే పెట్టాం, ఏ పంక్చరు షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. టైర్లు ష్వాల్బే మారథాన్ 26×1.75, వెనక 60, ముందు 50 పౌండ్ల గాలి.

సామాను దగ్గర మాత్రం రెండు సాయంత్రాలు పట్టింది. షాపు నేల మీద దుప్పటి పరిచి ఒక్కో వస్తువూ తూచాం. రెండు కిలోల గొలుసు తాళం, స్టీలు టిఫిన్ క్యారియర్, రెండో జత జీన్సు, రెండు లావు పుస్తకాలు తీసేశాం. ఇత్తడి చెంబు 640 గ్రాములు. దాని దగ్గరికొచ్చేసరికి సార్ నా వైపు చూశారు. నేను దాన్ని తక్కెడ మీంచి తీసి "తీసుకెళ్ళేవి" వైపు పెట్టాను. మొత్తం 20 కిలోలకు దిగింది, 9 ముందు, 11 వెనక. మళ్ళీ మిషన్లెక్కిస్తే ముందు 49, వెనక 66. సైకిలు పాతదానికంటే ఒక కిలో ఎక్కువున్నా వెనక చక్రం మీద 15 కిలోలు తగ్గాయి. ఈ కేసులో నేను చేసిన పనులన్నిటిలోకీ ఎక్కువ ఫలితమిచ్చింది ఇదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, అదీ దాదాపు ఖర్చు లేకుండా.

మళ్ళీ అదే శ్రీశైలం

పరీక్షకు అదే దారి ఎంచుకున్నాం, మొత్తం సామానుతో. ఈసారి నేనూ వెంట వెళ్ళాను. మన్ననూరు ఎక్కుడులో సార్ చిన్న గేరులో నిదానంగా, నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీస్తూ ఎక్కారు. నేను చూడాలనుకున్నది అదే. వటవర్లపల్లి దగ్గర ఆగి, పోయినసారి కూర్చున్న రాయి చూపించారు.

దోమలపెంట దాటాక పాతాళగంగ వంతెన దాకా దిగుడు. పాత సైకిలు అక్కడిదాకా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించాను. బరువంతా వెనకుంటే దిగుడులో హ్యాండిలు వణుకుతుంది, ఆ వణుకు పట్టుకుంటే చేతులతో ఆపలేం. ఈ సైకిలు రైలు పట్టా మీద పోయినట్టు పోయింది. నిదానంగా వెళ్ళేటప్పుడు మాత్రం హ్యాండిలు బరువుగా ఉందని సార్ అన్నారు. నిజమే, ముందు తొమ్మిది కిలోలున్నప్పుడు అంతే ఉంటుంది, ఒక రోజులో అలవాటవుతుంది. ప్రతి రెండు మలుపులకూ ఆగి రిమ్ము తాకి చూశాం. వేలు పెట్టి ఉంచలేనంత వేడెక్కితే ఐదు నిమిషాలు నిలబడాలి.

తిరిగొచ్చాక మూడు విషయాలు తేలాయి. ఎడమపక్క రెండు పుల్లలు వదులయ్యాయి, కొత్త చక్రానికి మామూలే, బిగించాను. ముందు క్యారియర్ కింది బోల్టు ఒకటి సగం ఊడింది. అన్ని బోల్టులకూ మర జిగురు వేసి, రోజూ పొద్దున తాళంచెవి తీసుకున్నట్టే అలెన్ కీ తీసుకుని ఒకసారి తాకి చూడమని చెప్పాను. మూడోది నేను భయపడ్డదే. ఎడమ వెనక సంచి మీద మడమ రాసుకున్న నల్లటి గీత. క్యారియర్‌కు సంచి కొక్కేలు మూడు సెంటీమీటర్లు వెనక్కి జరిపి సర్దాం. అది పూర్తి పరిష్కారం కాదు, సంచి బరువు ఇరుసు దాటి వెనక్కి పోతుంది. ఉన్న ఫ్రేముతో అంతకంటే వీలు కాలేదు.

నవంబర్ చివరి వారంలో బయల్దేరారు. చైన్‌స్టేకు టేపుతో నాలుగు పుల్లలు చుట్టి పంపాను, రెండు కుడివైపు పొడవు, రెండు ఎడమవైపు పొడవు. క్యాసెట్ విప్పే పనిముట్టు కూడా. గేర్ల వైపు పుల్ల విరిగితే అది లేకుండా కొత్తది లోపలికి దూర్చలేం.

నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ పాత రోడ్డు నుంచి మొదటి ఫోను వచ్చింది. 22–32 గేరులో దిగకుండా ఎక్కానని చెప్పారు. సివనీ దగ్గర ఒక పంక్చరు. మైహర్ దాటాక ఇనుప రేకు తగిలి వెనక టైరు పక్క గోడ రెండంగుళాలు చీలిపోయింది. సిమెంటు లారీలు తిరిగే రోడ్డది. లోపల పాత టైరు ముక్క పెట్టి నెమ్మదిగా అమర్‌పాటన్ చేరారు. అక్కడ సైకిలు కొట్టతను ముందు 26×1½ తీసి ఇచ్చాడట. సార్ తన చిన్న పుస్తకం తీసి, చుక్క ఉన్నది కావాలని వేలితో చూపించారు. బయట వేలాడుతున్న 26×1.95 టైరు దింపి ఇచ్చాడు. అరగంటలో మళ్ళీ రోడ్డు మీదున్నారు. ఆ రాత్రి ఫోనులో సార్ చెప్పిన మొదటి మాట, "చుక్క కాపాడింది తమ్మీ."

పదిహేడో రోజు సాయంత్రం వారణాసి చేరారు.

సైకిలు తిరిగి నా దగ్గరికి వచ్చాక స్టాండు మీద పెట్టి మళ్ళీ కొలిచాను. ఒక్క పుల్ల విరగలేదు. కుడిపక్క 104 నుంచి 110, ఎడమపక్క 60 నుంచి 63. తిరుగు ప్రయాణంలో ఎక్కడో దెబ్బ తగిలి గేరు వేలాడే చెంప లోపలికి వంగింది. ఉక్కు కాబట్టి పానాతో పట్టి నెమ్మదిగా సరిచేశాను. సార్ చేతి చిటికెన వేళ్ళు మాత్రం వారం దాకా మొద్దుబారి ఉన్నాయి. తిన్నటి హ్యాండిలు మీద రోజుకు ఆరేడు గంటలు ఒకే పట్టు పట్టడం వల్ల వచ్చింది. చివర్లకు కొమ్ములు బిగించి పట్టు మార్చుకునే వీలు ముందే చేసి ఉండాల్సింది, నేను చక్రం మీద పెట్టిన ధ్యాస చేతుల మీద పెట్టలేదు. ఇప్పుడు బిగించాను. ఇదే కేసు మళ్ళీ వస్తే, మడమ కోసం పొడవాటి ఫ్రేము దొరికేదాకా ఇంకో రెండు నెలలు ఆగమని కూడా చెబుతాను.

చెంబుకు మూత పెట్టి లక్క వేయించారు. గంగ తెచ్చినవాళ్ళు రామేశ్వరం వెళ్ళి స్వామికి అభిషేకం చేస్తేనే యాత్ర పూర్తవుతుంది గదా అన్నారు. ఎప్పుడని అడిగాను. వానాకాలం అయిపోయాక అన్నారు.

పాంబన్ వంతెన మీద పక్కగాలి బలంగా కొడుతుంది. ఇప్పుడు ముందు సంచులు ఎత్తుగా ఉన్నాయి, గాలి వాటిని పట్టుకుని హ్యాండిలును లాగేస్తుంది. ఫోర్కు మధ్యలో చెవులు అతికించి, సంచులు ఇరుసు మట్టానికి దించాలి. ఫోర్కుకు గ్యాస్ బ్రేజింగ్ (పైపు కరగకుండా ఇత్తడి కరిగించి అతికే పని) చేసే మనిషి ఒకాయన తెలుసు, ఆయన నెలకు రెండు రోజులే ఈ పని పెట్టుకుంటాడు. సైకిలు పది రోజులు నా దగ్గరే వదిలి వెళ్ళమని సార్‌కి చెప్పాను.